ఎండుటాకులు, చెత్త తగలబెట్టకుండా ఏం చేయాలి? కాలనీలో పొగ ఆపించడం ఎలా?

శివరాత్రి దగ్గర పడుతుందనగా మా వీధిలో వేప, కానుగ చెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. పొద్దున్నే ఊడ్చిన ఆకులు వీధి మూలన కుప్పగా పడతాయి. వాటిలో నాలుగు పాల ప్యాకెట్లు, రెండు చిప్స్ కవర్లు, ఒక పాత చెప్పు కూడా ఉంటాయి. ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఆ పొగ నేరుగా మా అత్తగారి గదిలోకి వచ్చేది. ఆవిడకి ఆయాసం. పొగ వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఇన్‌హేలర్ పట్టుకుని మంచం మీద కూర్చునే ఉండేవారు. రెండేళ్ల పాటు కిటికీలు మూసుకోవడం తప్ప మేమేమీ చేయలేదు. మూడో ఏడాది నిబంధనలు చదివి, పక్కవాళ్లతో మాట్లాడి, ఆకులకు ఒక చోటు ఏర్పాటు చేశాక మా వీధిలో మంట ఆగింది. ఆ క్రమంలో తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మేముండేది హైదరాబాద్‌లో. విజయవాడ అయినా, వరంగల్ అయినా, చిన్న మున్సిపాలిటీ అయినా చాలావరకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు: ఇప్పుడే పొగ వస్తుంటే

ఇంట్లో ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లను, పసిపిల్లలను, గర్భిణులను పొగ రాని వైపు గదిలోకి తీసుకెళ్లండి. ఆ వైపు కిటికీలు, తలుపులు మూసేయండి. బయటి గాలిని లోపలికి లాగే కూలర్ ఉంటే ఆపేయండి, లేకపోతే అదే పొగను ఇంట్లోకి తెస్తుంది. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్‌95 మాస్క్ పెట్టుకోండి. చున్నీ, కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటే బూడిద ఆగుతుందేమో గానీ సన్నని కణాలు ఆగవు. పొగలో ఎక్కువ హాని చేసేవి 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన కణాలే. ఇవి ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తాయి.

మంట చిన్నదై, దగ్గరికి వెళ్లడం క్షేమమే అనిపిస్తే రెండు బకెట్ల నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ నీళ్లు పోయండి. పైపైన చల్లితే ఆకుల కుప్ప లోపల రాజుకుంటూ గంటల తరబడి పొగ వస్తూనే ఉంటుంది. మంట కరెంటు తీగల కింద ఉన్నా, పార్క్ చేసిన బండ్ల పక్కన ఉన్నా, ఖాళీ ప్లాట్‌లో గడ్డికి అంటుకున్నా మీరు దిగకండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

చలికాలం పొద్దున్నే పొగ ఎందుకు పోదు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లగా, దాని పైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని పొర మూతలా పనిచేసి పొగను పైకి పోనివ్వదు. ఎండ ముదిరి నేల వేడెక్కేదాకా పొగ ఇళ్ల ఎత్తులోనే తిరుగుతుంది. మన ఊళ్లలో వీధులు ఊడ్చేది, కుప్పలు అంటించేది సరిగ్గా తెల్లవారుజామునే. పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడేది, పెద్దవాళ్లు వాకింగ్‌కి వెళ్లేది కూడా అప్పుడే. అందుకే చిన్న కుప్పే కదా అని వదిలేయలేం.

ఒక్క మాట. ఫోన్‌లో ‘సమీర్’ యాప్ పెట్టుకుంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే గాలి నాణ్యత సూచీ కనిపిస్తుంది. 50 దాకా బాగున్నట్టు, 100 దాకా ఫర్వాలేదన్నట్టు, 200 దాటితే బాగోలేనట్టు. కానీ ఆ అంకె, హైదరాబాద్‌లో అయితే, సనత్‌నగర్‌లోనో, జూపార్క్ దగ్గరో ఉన్న గాలి కొలిచే కేంద్రం ఇచ్చినది. అది ఎక్కువగా 24 గంటల సగటు మీద లెక్కగట్టేది. మీ కిటికీ కింద గంటసేపు కాలిన టైరు అందులో కనిపించదు. యాప్‌లో పచ్చరంగు ఉందని ఎవరైనా వాదిస్తే ఈ సంగతి చెప్పండి.

నిబంధనలు ఏమంటున్నాయి

ఇవి తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు తడబడరు. నాలుగైదు గుర్తుపెట్టుకుంటే చాలు.

2016లో కేంద్రం ఇచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో (వీటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి వచ్చాయి) 4వ నిబంధన మనలాంటి ఇళ్లవాళ్ల గురించే ఉండేది. ఇంట్లో తయారైన చెత్తను వీధిలో గానీ, బహిరంగ స్థలంలో గానీ, కాలువల్లో, చెరువుల్లో గానీ పారేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని అందులో ఉండేది. తోట చెత్త గురించి కూడా విడిగా రాశారు. దాన్ని మన ఆవరణలోనే వేరుగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు అప్పగించాలన్నారు. ‘మా కాంపౌండ్‌లో మా ఆకులు, మా ఇష్టం’ అన్నవాళ్లకు మేం చెప్పింది ఈ వాక్యమే.

పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్ 22న ఇచ్చిన ఉత్తర్వు ఇంకా సూటిగా ఉంది. దేశమంతటా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది. డంపింగ్ యార్డుల్లో కూడా కాల్చకూడదంది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా కట్టించాలని చెప్పింది. మా వీధిలో ఈ 5,000 అంకె విన్నప్పుడే చాలామంది మొదటిసారి ఆగి విన్నారు.

ఇవి కాక, 1981 నాటి వాయు కాలుష్య నియంత్రణ చట్టంలో 19వ సెక్షన్ కింద వంటచెరకు లాంటి ఇంధనం కాని వస్తువులను కాల్చడాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చు. గాలిని ఆరోగ్యానికి హానికరంగా మార్చడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 280వ సెక్షన్ కింద నేరం, వెయ్యి రూపాయల దాకా జరిమానా. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 287వ సెక్షన్, 6 నెలల దాకా జైలు కూడా పడవచ్చు. మున్సిపాలిటీలు సొంతంగా స్పాట్ ఫైన్లు పెట్టుకోవచ్చు. అవి ఊరిని బట్టి మారతాయి కాబట్టి మీ వార్డు ఆఫీసులో అడిగి రాసుకోండి.

మన గాలి బాగోలేదన్న సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలుతో కలిపి 13 పట్టణాలున్నాయి. ఇవన్నీ గాలి ప్రమాణాలు అందుకోలేకపోయిన ఊళ్లు. మీ ఊరు ఆ జాబితాలో ఉంటే ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

ఆకులకు ఒక చోటు: జాలీ గూడు కట్టడం

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. మన ఊళ్లలో ఆకులు కాల్చేవాళ్లలో ఎక్కువమందికి కాల్చాలన్న కోరిక ఉండదు. ఆకులు తేలిక, కానీ చోటు ఎక్కువ పడుతుంది. చెత్త ఆటో అతను నాలుగు గోతాల ఆకులు చూడగానే ‘ఇంత ఎక్కదమ్మా’ అంటాడు. ఊడ్చినవాళ్లకు వేరే దారి లేదు. మా తాతగారి ఊళ్లో ప్రతి ఇంటి వెనకా పెంటకుప్ప ఉండేది. పేడ, ఆకులు, పొయ్యి బూడిద అన్నీ అందులోకే. ఏడాదికోసారి బండ్ల మీద పొలానికి తోలేవారు. ఆకులు కాల్చడం నేనక్కడ చూడలేదు. ఆ పెంటకుప్పనే పట్నం ఇంటికి సరిపోయేలా ఇలా చేసుకోవచ్చు.

హార్డ్‌వేర్ షాపులో 3 అడుగుల ఎత్తున్న ఇనుప జాలీ, కోళ్ల గూళ్లకు వాడేది, 10 అడుగులు కొనండి. గుండ్రంగా చుట్టి అంచులు బైండింగ్ వైరుతో కట్టేస్తే సుమారు 3 అడుగుల వెడల్పున్న గూడు తయారవుతుంది. మట్టి నేల మీద, కాస్త నీడ ఉన్నచోట నిలబెట్టండి. గోడకు, చెట్టు మొదలుకు అడుగు దూరం వదలండి. నాపరాళ్లు పరిచిన చోటయితే అడుగున ఒక పొర మట్టి పోయండి.

ఆకులు వేసే ముందు ప్లాస్టిక్ కవర్లు, గుట్కా ప్యాకెట్లు ఏరేయండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇప్పుడు ఏరకపోతే ఎరువులో ఏరాల్సి వస్తుంది. ఒక అడుగు మందాన ఆకులు వేసి బాగా తొక్కండి. దాని మీద పేడ కలిపిన నీళ్లు చల్లండి, బకెట్ నీళ్లకు రెండు గుప్పిళ్ల పేడ చాలు. పేడ దొరకకపోతే పులిసిన మజ్జిగలో నీళ్లు కలిపి చల్లినా పనిచేస్తుంది. కూరగాయల తొక్కలు, పూజ పూలు ఉంటే పల్చగా పరవండి. పైన రెండు అంగుళాల మట్టి. మళ్లీ ఆకులు. ఇలా గూడు నిండేదాకా. వారానికి అది కుంగిపోతుంది, మళ్లీ చోటు దొరుకుతుంది. ఒక్క వేసవిలో మా వీధి ఆకులన్నీ రెండు గూళ్లలో పట్టాయంటే మొదట నేనూ నమ్మలేదు.

తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు, అప్పుడు కంపు కొడుతుంది, ఎండుటాకులు కలపండి. చీమలు పడితే పొడిబారినట్టు, నీళ్లు చల్లండి. 15 రోజులకోసారి గడ్డపారతోనో, పొడుగాటి కర్రతోనో కిందిది పైకి తిరగేయండి. చేతులు పెట్టి మాత్రం కెలకకండి. తేళ్లు, పాములు చేరతాయన్న భయం నిజమైనదే. గూడు చుట్టూ రెండు అడుగుల మేర గడ్డి లేకుండా చూసుకుంటే, తరచూ తిరగేస్తుంటే అవి నిలవవు.

వేప, కానుగ ఆకులు 3, 4 నెలల్లో నల్లటి ఎరువుగా మారతాయి. మామిడి, బాదం ఆకులు దళసరి కాబట్టి 6 నెలలైనా పడుతుంది. వేసే ముందు వాటి మీద నడిచి ముక్కలయ్యేలా చేస్తే కొంత త్వరగా కుళ్లుతాయి. కొబ్బరి మట్టలు ఇందులో వేయకండి, ఏళ్లు పడుతుంది. ఈనెలు తీసి చీపుర్లు కట్టేవాళ్లకు ఇవ్వండి.

జాలీ పెట్టే చోటు లేదా? కుండీల మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. వేసవిలో మట్టి త్వరగా ఎండదు, నీళ్లు తగ్గుతాయి. అపార్ట్‌మెంట్ అయితే పాత గోనెసంచిలో ఆకులు కూరి, తడిపి, మూతి కట్టి మూలన పెట్టినా అదే పని జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. పార్కు ఉన్న కాలనీలైతే అసోసియేషన్ తరఫున లేఖ రాసి పార్కు మూలన గూళ్లు పెట్టించుకోవచ్చు. హైదరాబాద్‌లో పార్కులు చూసేది బల్దియా (నగరపాలక సంస్థ, జీహెచ్‌ఎంసీ) అర్బన్ బయోడైవర్సిటీ విభాగం.

ఆకులు కాక జనం కాల్చేవి

పాత బిల్లులు, బ్యాంకు కాగితాలు: చింపి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి పిసికేస్తే అక్షరం మిగలదు. ఆ ముద్ద ఆకుల గూడులోకే.

శానిటరీ ప్యాడ్లు: చాలా ఇళ్లలో ఆడవాళ్లు సిగ్గుపడి పెరట్లో కాలుస్తారు. వాటిలో ప్లాస్టిక్ ఎక్కువ, ఆ పొగ పీల్చేది కూడా మళ్లీ వాళ్లే. కాగితంలో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి విడిగా చెత్త ఆటోకి ఇవ్వండి. ఎత్తే మనిషికి చేతికి తగలకుండా ఉంటుంది.

పాత దేవుడి పటాలు: అద్దం వేరు, ఫ్రేము వేరు చేయండి. కాగితం బొమ్మను నీళ్లలో నానబెట్టి చెట్టు మొదట్లో మట్టిలో కలపండి. కాల్చడం కంటే ఇదే మర్యాద అని మా అత్తగారు అన్నారు.

టైర్లు పంక్చర్ షాపుకి, రాగి కోసం వైర్లు కాల్చే బదులు పాత సామాన్లవాడికి. పరుపులు, థర్మకోల్ కొంచెం ఇబ్బందే. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని ముందుగా అడిగి పెద్ద సామాన్ల బండి వచ్చే రోజు తెలుసుకోవడం ఒక్కటే దారి. ప్లాస్టిక్ వైపు మాత్రం అగ్గిపుల్ల తీసుకెళ్లకండి. పీవీసీ లాంటి ప్లాస్టిక్‌లు తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. అవి ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవు, క్యాన్సర్‌కి దారితీస్తాయి.

పక్కింటివాళ్లతో, ఊడ్చేవాళ్లతో మాట్లాడటం

మంట దగ్గర మాట్లాడకండి. అప్పుడు మీకు కోపం, వాళ్లకు పట్టుదల. సాయంత్రం ఇంటికి వెళ్లి కూర్చుని చెప్పండి. మా పక్కింటి పెద్దాయన రోజూ ఆకులు కాల్చేవారు. నేను ఇలా మొదలుపెట్టాను: “అంకుల్, పొగ వచ్చిన రోజు మా అత్తయ్యగారు రాత్రంతా నిద్రపోవట్లేదు. మీరు ఊడ్చి గోతంలో వేయించండి చాలు, మా గూడులో నేను వేయిస్తాను.”

“ఆకుల పొగకి దోమలు పోతాయమ్మా, ఎప్పటి నుంచో చేస్తున్నాం” అన్నారాయన.

దోమలు పొగ ఉన్నంతసేపే దూరంగా ఉంటాయి, ఆరగానే తిరిగి వస్తాయి. అవి పుట్టేది కుండీ పళ్లేల్లో, డ్రమ్ముల్లో నిలిచిన నీళ్లలో. ఇద్దరం కలిసి ఆయన ఇంటి చుట్టూ తిరిగి, వాటిలో నీళ్లు పారబోశాం. వారం తర్వాత మొదటి గోతం వచ్చింది. ఆయనకి నేను జరిమానా సంగతి చెప్పనేలేదు. పరిచయం ఉన్నవాళ్ల దగ్గర చట్టం చివరి మాటగా ఉంచుకోవాలని నా నమ్మకం.

వీధి ఊడ్చే అమ్మ సంగతి వేరు. అందరికంటే ఎక్కువ పొగ పీల్చేది ఆమే. ఆమె మీద అరవడం, ముఖం కనిపించేలా ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం అన్యాయం. “అమ్మా, ఎందుకు కాల్చాల్సి వస్తోంది?” అని అడిగితే, కుప్ప ఎత్తడానికి బండి రాదని, కుప్ప కనిపిస్తే జీతం కోస్తారని చెప్పింది. మేము పది గోనెసంచులు కొనిచ్చాం, గూడు ఎక్కడుందో చూపించాం. బండి పంపించాల్సినవాళ్ల మీదే ఫిర్యాదు పెట్టాం.

ఫిర్యాదు ఎలా చేయాలి

మాటలతో తేలకపోతే ఈ వరసలో వెళ్లండి. దూరం నుంచి, క్షేమంగా ఫొటో తీయండి. ఇంటి నంబరో, కరెంటు స్తంభమో, ఏదో ఒక గుర్తు పడాలి. తేదీ, సమయం రాసుకోండి. వారం రోజులు ఇలా రాసుకుంటే అది రోజూ జరుగుతోందని రుజువవుతుంది.

హైదరాబాద్‌లో మై జీహెచ్‌ఎంసీ యాప్ గానీ, 040-21111111 గానీ. వేరే ఊళ్లలో కేంద్రం తెచ్చిన స్వచ్ఛతా యాప్‌లో బహిరంగంగా చెత్త కాల్చడం మీద ఫిర్యాదుకి విడిగా విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి ఉంటారు, ముందు ఆయన్నో ఆమెనో కలవండి. ఏ దారిలో వెళ్లినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా వదలకండి. నాకు మొదటిసారి ‘సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చిన రోజు పొద్దున కూడా కుప్ప కాలుతూనే ఉంది. ఆ మెసేజ్, ఆ రోజు ఫొటో రెండూ కలిపి మళ్లీ పంపాను. అప్పుడు మనిషి వచ్చారు.

అయినా కదలిక లేకపోతే సోమవారం నాడు రాతపూర్వకంగా ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే. అర్జీలో మూడు విషయాలు చాలు: ఎక్కడ, ఎన్ని రోజులుగా, ఎవరికి ఏ నంబరుతో ముందే చెప్పారు. కింద ట్రిబ్యునల్ ఉత్తర్వు తేదీ రాయండి. కాపీ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. ఖాళీ స్థలంలో రోజూ టన్నుల కొద్దీ చెత్త తగలబెడుతుంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో, ‘ఏడాదిలో చెత్త కాల్చినందుకు ఎన్ని జరిమానాలు వేశారు, ఎంత వసూలైంది’ అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అంతకు మించిన తీవ్రమైన కేసులకు చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ మన రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

భోగి రోజు

పండగ మానమని నేను చెప్పను. మా ఇంట్లో పిల్లలు భోగి పిడకల దండలు నెల ముందు నుంచే అడుగుతారు. ఇంటికో మంట కాకుండా వీధికో, కాలనీకో ఒకటి వేసుకోండి. ఎండిన కట్టెలు, పిడకలు, తాటాకులు మాత్రమే. పచ్చి కొమ్మ వేస్తే పొగ ఎక్కువ. పెయింటు, వార్నిష్ వేసిన పాత కుర్చీలు, ప్లైవుడ్, టైర్లు, ప్లాస్టిక్ చాపలు వేయనివ్వకండి. ‘పాతవన్నీ భోగిలో వేయాలి’ అన్న మాటకి అర్థం అప్పట్లో కర్ర సామాను, పాత చాప. ఆ పాతవాటిలో నైలాన్ ఉండేది కాదు.

తీగల కింద, చెట్ల కింద వేయకండి. రెండు బకెట్ల నీళ్లు, ఒక తట్ట ఇసుక పక్కనే ఉంచండి. పిల్లలకు నైలాన్, సిల్క్ బట్టలు కాకుండా నూలు బట్టలు వేయండి. ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలోంచి చూస్తే చాలు. హారతి, పాటలు అయ్యాక మంటను రాజుకుంటూ వదిలేయకుండా నీళ్లు పోసి ఆర్పండి. బూడిద పూర్తిగా చల్లారాక మర్నాడు ఎత్తండి. కట్టెలు, పిడకలు మాత్రమే కాలిన బూడిదైతే గుప్పెడు చొప్పున ఆకుల గూడులో చల్లవచ్చు. వేరేవి కాలి ఉంటే మొక్కలకు వేయకుండా చెత్త ఆటోకి ఇచ్చేయండి.